సబ్బు సీసా అడుగున

ఆసుపత్రిలో ఆమెను అందరూ పెద్ద సిస్టర్ అని పిలిచేవారు. అది ఎదురుగా పిలిచే పిలుపు. వెనకాల మాత్రం ఆమె 'వాసన సిస్టర్'. నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్లను ఉంచే గదికి ఇరవయ్యారేళ్ళుగా ఆమే పెద్దదిక్కు. ఆ గదిలో అడుగుపెట్టాలంటే ఎంతటివారైనా సరే, గుమ్మం పక్కనున్న సింకు దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, ఆ చేతులు తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టాలి. సబ్బు వాసన వస్తే లోపలికి, రాకపోతే వెనక్కి.

ఒకసారి పెద్ద డాక్టరు హడావుడిగా వచ్చాడు.

"పైన కడుక్కునే వచ్చా సిస్టర్, దారివ్వండి."

"లిఫ్టులో ఏ వేలితో బటన్ నొక్కారో ఆ వేలు ఒక్కటి చూపించండి చాలు" అంది ఆమె, దారికి అడ్డం తప్పుకోకుండా.

ఆయన గొణుక్కుంటూ సింకు దగ్గరికి వెళ్ళాడు. ఆ కబురు మధ్యాహ్నానికల్లా వంటగది దాకా పాకిపోయింది.

ఇంట్లోనూ అదే తంతు. ఆమె భర్త ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంటికెవరొచ్చినా, "మా ఆవిడ నిప్పులు కడిగే రకం. ఇన్నేళ్ళూ పక్కనుండి నేనింకా ఆరిపోలేదంటే నా గట్టితనమే" అని నవ్వించేవాడు. ఆమె నవ్వేది కాదు. తువ్వాలు చేతికిచ్చేది.

ఆమె చాదస్తానికి ఒక లెక్క ఉంది. కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ మొదటి రోజే చెప్పేది. "జబ్బుతో వచ్చినవాళ్ళు ఆ జబ్బుతోనే పోతే, మన చేతుల్లో లేదనుకుందాం. మన దగ్గరికొచ్చాక కొత్త జబ్బు అంటించుకుని పోతే? ఇక్కడి గోడలకీ మంచాలకీ రోగాలు తెలుసు. వాటికి కాళ్ళు లేవు. మన చేతులే వాటికి కాళ్ళు."

ఆ మాట అక్షరాలా నిజం. ఎంత నిజమో ఆమెకు తెలిసే రోజు ఇంకా రాలేదు, అంతే.

ఆ గదిలో ఎనిమిది గాజుపెట్టెలు ఉండేవి. లోపల వెచ్చదనం తగ్గకుండా కరెంటుతో పనిచేసే పెట్టెలు. ఒక్కో దానిలో అరచేతిలో పట్టేంత ప్రాణం. చెయ్యి దూర్చడానికి పెట్టెకు పక్కన రెండు గుండ్రటి కిటికీలు. బిడ్డలకు ఇంకా పేర్లు పెట్టి ఉండరు కాబట్టి మణికట్టు పట్టీ మీద తల్లి పేరు రాసి, పక్కన 'బిడ్డ' అని రాసేవారు. నర్సులు మాట్లాడుకునేటప్పుడు అదీ లేదు. మూడో పెట్టె పాలు తాగింది, ఏడో పెట్టె బరువు పెరిగింది అనుకునేవారు.

సింకు పైన గోడకు రెండు సబ్బు సీసాలు బిగించి ఉండేవి. తల మీద పంపు నొక్కితే తెల్లటి సబ్బు జారుతుంది. స్టోరు నుంచి సబ్బు పెద్ద డబ్బాల్లో వచ్చేది. ఆ సీసాలు నింపే పని మాత్రం ఆమె ఎవరికీ వదిలేది కాదు. ఆయాలు ఒలకబోస్తారని, నర్సులు మరిచిపోతారని ఆమె అనుమానం. పొద్దున్నే డ్యూటీకి రాగానే మూతలు విప్పి, తగ్గినంత మేరా పోసి నింపేది. సబ్బు చిక్కబడితే పంపు పట్టేస్తుందని కుళాయి నీళ్ళు కాసిన్ని కలిపి, సీసాను మెల్లగా ఊపేది. ఆ గదిలో సబ్బు అయిపోయిందన్న మాట పదేళ్ళుగా ఎవరూ వినలేదు. అది ఆమెకు గొప్ప. పదేళ్ళుగా ఆ సీసాలు ఒక్కసారి కూడా పూర్తిగా ఖాళీ కాలేదన్నది ఆ గొప్పకు రెండో వైపు. ఆ వైపు ఎవరూ చూడలేదు.

మొదట రెండో పెట్టెలోని ఆడపిల్లకు వచ్చింది. ముందు రోజు వరకూ పాలు బాగా తాగిన బిడ్డ, పొద్దున పాలు నోట్లోనే ఉంచేసుకుంది. ఒళ్ళు చల్లబడింది. చర్మం బూడిద రంగుకు తిరిగింది. ఊపిరి ఒకసారి తీసి, ఇంకోసారి తీయడం మరిచిపోయినట్టు ఆగిపోయేది. వేలితో పాదం మీద తడితే మళ్ళీ తీసేది. మూడో రోజు ఎంత తట్టినా తీయలేదు.

నెలలు నిండని బిడ్డల్లో ఇలాంటివి ఉంటాయి. ఆమె ఎన్నో చూసింది. కానీ ఆ వారంలోనే నాలుగో పెట్టె, ఆ పైవారం ఒకటో పెట్టె, ఏడో పెట్టె. రక్తపరీక్షల్లో అందరిలోనూ ఒకటే సూక్ష్మజీవి బయటపడింది. ఒకే రకం జీవి నలుగురిలో కనిపించిందంటే అది బిడ్డలతో పుట్టినది కాదు. గదిలో తిరుగుతున్నది. నాలుగో పెట్టె కూడా దక్కలేదు. మిగతా ఇద్దరూ కోలుకున్నారు.

పెద్ద సిస్టర్ నడుం బిగించింది. పెట్టెలు విప్పి కడిగించింది. తెరలు పీకించింది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, "రెండు నొక్కులు కాదు, మూడు నొక్కులు! వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, బొటనవేలు చుట్టూ!" అని ప్రతి ఒక్కరి వెనకా కేకలేసేది. తన చేతులైతే రోజుకు అరవైసార్లు కడిగేది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి నెత్తురు చిమ్మినా లెక్కచేయలేదు.

తల్లులనూ వదల్లేదు. ఆరో పెట్టెలో మగబిడ్డ. వాడి తల్లి బట్టలు కుట్టే మనిషి. పద్నాలుగు వందల గ్రాములతో పుట్టినవాడు పంతొమ్మిది వందలకు వచ్చాడు. ఇంకో పది రోజుల్లో ఇంటికి పంపేద్దామనుకుంటున్నారు. ఒకరోజు ఆ తల్లి గుమ్మంలోంచే బిడ్డను చూసుకుని వెళ్ళబోతూ, ఆగలేక, పెద్ద సిస్టర్ కుర్చీలోంచి లేచిన అదను చూసి లోపలికొచ్చి, పెట్టె కిటికీలోంచి ఒక్క వేలు దూర్చి వాడి అరికాలు ముట్టుకుంది. చేతులు కడుక్కోకుండా.

"ఏమ్మా! నీ చేత్తో నువ్వే బిడ్డను పొట్టన పెట్టుకుంటావా?" అని పెద్ద సిస్టర్ అరిచిన అరుపుకు గదంతా ఉలిక్కిపడింది.

ఆవిడ ఆ వేలిని ఇంకో చేతిలో దాచుకుని, కాలినట్టు పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి వెళ్ళింది.

ఐదో పెట్టె, ఆరో పెట్టె చూసేది రింగుల జుట్టున్న ఒక చిన్న నర్సు. చేరి ఏడాది. మాట తక్కువ, పని చురుకు. ఒకనాటి పొద్దున ఆ పిల్ల సింకు దగ్గర ఆగకుండా, నేరుగా పెట్టె దగ్గరికి పోవడం పెద్ద సిస్టర్ కంటపడింది. పిలిచి చేతులు చాపమంది. సబ్బు వాసన లేదు. సూది మందుల పళ్ళెంలో ఉండే స్పిరిట్ వాసన గుప్పుమంది.

"సబ్బెందుకు వాడలేదు?"

"చేతులు మండుతున్నాయి సిస్టర్. పగిలిపోయాయి. స్పిరిట్ దూదితో గట్టిగా తుడుచుకున్నా."

"నావీ పగిలాయి. చూడు!" ఆమె తన చేతులు ఆ పిల్ల ముఖం ముందు పెట్టింది. "ఇక్కడ బిడ్డలు రాలిపోతుంటే నీకు చేతులు మండుతున్నాయా? ఎవరి వల్ల ఇదంతా వస్తోందో తెలియక జుట్టు పీక్కుంటున్నా ఇన్నాళ్ళూ. ఇప్పుడు తెలిసింది."

డాక్టరు, ఇద్దరు నర్సులు, ఆయా, గుమ్మంలో నలుగురు తల్లులు. అందరూ వింటున్నారు. ఆ పిల్ల ఏదో చెప్పబోయి తల దించుకుంది. సాయంత్రానికల్లా ఆమెను కింద గాయాలకు కట్లు కట్టే గదికి మార్చేశారు. ఆరో పెట్టె కింద ఆ పిల్ల పెట్టుకున్న స్పిరిట్ సీసాను పెద్ద సిస్టరే తీసి స్టోరుకు పంపేసింది.

"ఇక ఐదు, ఆరు నేనే చూసుకుంటా" అంది.

చూసుకుంది కూడా. మూడు నొక్కులు నొక్కి, నిమిషానికి పైగా రుద్ది, మోచేతితో కుళాయి కట్టేసి, ఆరో పెట్టెలో రెండు చేతులూ పెట్టి వాణ్ణి ఎత్తి, ఎడమ ముంజేతి మీద పడుకోబెట్టుకుని గంటగంటకూ పాలు పట్టేది. వాడు పాలు తాగేటప్పుడు కనుబొమలు ముడిచేవాడు. పెద్ద లెక్కలు చూసుకునేవాడిలా ఉన్నాడని ఆయా నవ్వేది.

ఆరు రోజులు గడిచాయి. ఏడో రోజు పొద్దున వాడు పాలు నోట్లోనే ఉంచేసుకున్నాడు.

రెండు రోజులకు మించి నిలవలేదు. కుట్టుపని ఆవిడ గాజుపెట్టె పక్కన నిలబడి, ఏడవకుండా, "నిన్నటిదాకా బాగానే ఉన్నాడు కదండీ. ఎందుకిలా అయింది?" అని అడిగింది. పెద్ద సిస్టర్ అలసిపోయి ఉంది. "ఏం చెప్పమంటావమ్మా. చేతుల శుభ్రత గురించి మేం ఎంత మొత్తుకున్నా..." అని ఊరుకుంది. ఆ మాట సగంలోనే ఆగింది. మిగతా సగం ఆ తల్లే పూర్తి చేసుకుంది.

ఆ తర్వాత ఐదో పెట్టెకూ వచ్చింది. ఆ బిడ్డ చావు తప్పించుకుంది. ఎనిమిదో పెట్టెలోని ఆడపిల్ల తప్పించుకోలేదు. మొత్తం నలుగురు పోయారు.

అప్పుడు ల్యాబు ఆయన పరికరాలు మోసుకుని పైకి వచ్చాడు. పీలగా, కళ్ళద్దాలతో, ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి. తడి దూదిపుల్లలతో పెట్టెలు, పాలసీసాలు, కుళాయి మూతి, తూనిక, అన్నీ తుడిచి తీసుకెళ్ళాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి, ఈసారి అందరి చేతులూ అడిగాడు. డ్యూటీకి వచ్చినప్పుడు ఒకసారి, కడుక్కున్నాక ఒకసారి వేళ్ళను, సూక్ష్మజీవులుంటే పెరిగి కనబడేలా జెల్లీ పోసిన చిన్న గాజుపళ్ళేల మీద అద్దమన్నాడు. పెద్ద సిస్టర్ అందరికంటే ముందు అద్దింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆమెను ల్యాబుకు రమ్మని కబురంపాడు. బల్ల మీద పళ్ళేలు రెండు వరసలుగా పేర్చి ఉన్నాయి. పై వరసలో అక్కడక్కడ తెల్లటి చుక్కలు. కింది వరసలో ఒక్కో పళ్ళెంలో వేళ్ళ ఆనవాళ్ళు గుర్తుపట్టేంత ఒత్తుగా, ఎర్రగులాబీ రంగులో పొంగిన బొట్లు.

"వరసలు తారుమారు చేశారు మీరు" అందామె నవ్వి. "కడగక ముందువి కింద పెట్టారు."

"లేదు సిస్టర్. రెండుసార్లు చూసుకున్నా. పైవి కడగక ముందు. కిందివి కడిగాక."

"అదెలా కుదురుతుందండీ?"

ఆయన బల్ల కిందినుంచి సబ్బు సీసా తీశాడు. వాళ్ళ గదిలోదే. అందులో సబ్బు ఒంపేసి, పదునైన కత్తితో సీసాను నడుము దగ్గర రెండుగా కోశాడు. అడుగుముక్క వెలుతురులోకి వంచి చూపించాడు. లోపలి అంచు చుట్టూ, పంపు గొట్టం చివర, చిగుళ్ళ రంగులో పల్చటి జిగట పొర. వేలు తగిలితే కదిలేలా ఉంది.

"బిడ్డల రక్తంలో దొరికింది ఇదే. సబ్బు మురికిని వదలగొడుతుంది గానీ అన్నిటినీ చంపదండీ. ఇలాంటి కొన్నిటికి ఆ తడే చాలు, పెరుగుతాయి. సీసా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి నింపితే ఇంత దూరం వచ్చేది కాదు. పాతదాని మీద కొత్తది పోస్తూ పోతే అడుగున ఉన్నది అలాగే ఉంటుంది. దానికి మనం రోజూ మేత వేసినట్టు. సీసాలు నింపేదెవరు?"

ఆమె తన పగిలిన చేతుల వైపు చూసుకుంది. ఆయన తలెత్తి ఆమె ముఖం చూసి, మళ్ళీ అడగలేదు.

ఆమె ఒకటే అడిగింది. "స్పిరిట్‌తో తుడుచుకుంటే?"

"స్పిరిట్‌కి ఇది నిలవదు. తడి ఆరేలోపే చచ్చిపోతుంది. ఎందుకు?"

ఆమె లేచి, మెట్లెక్కి గదికి వచ్చి రిజిస్టరు తీసింది. వేలు పెట్టి తేదీలు వెతికింది. మూడు వారాల పాటు గదిలో జబ్బు తిరిగినా ఐదు, ఆరు పెట్టెల జోలికి రాలేదు. రింగుల జుట్టు పిల్లను పంపేసిన ఏడో రోజున ఆరో పెట్టె. పదకొండో రోజున ఐదో పెట్టె. ఆమె రిజిస్టరు మూసి, మళ్ళీ తెరిచి అవే తేదీలు చూసింది.

ఆ సాయంత్రమే సీసాలు గోడనుంచి ఊడబెరికారు. మళ్ళీ నింపే వీల్లేని, అయిపోగానే పారేసే సబ్బు సంచులు తెప్పించారు. ప్రతి పెట్టెకూ స్పిరిట్‌తో చేసిన చేతిమందు ఒకటి తగిలించారు. బిడ్డను ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, పెట్టెను ముట్టుకున్నాక దానితో రుద్దుకోవాలి. దేన్నైనా సరే, సగం ఉండగా పైన పోసి నింపకూడదని గోడ మీద రాశారు. అంతే. వారం తిరిగేసరికి గది కుదుటపడింది. కొత్తగా ఒక్క బిడ్డకూ రాలేదు.

పెద్ద డాక్టరు రిపోర్టు రాశాడు. 'కారణం: సబ్బు సీసాలు'. ఎవరి పేరూ లేదు. ఆమెను గదిలోకి పిలిచి, "జరిగిందేదో జరిగింది సిస్టర్. తెలిసి చేసింది కాదు కదా. బయట ఎక్కడా అనకండి, పని చూసుకోండి" అన్నాడు. ఆయాలు కూడా ఏమీ అనలేదు. గుమ్మంలో ఆమెను చూడగానే ఎప్పటిలాగే చేతులు చాపేవారు. ఎవరైనా ఒక్కరు తిడితే బాగుండునని ఆమెకు అనిపించేది.

ఎడమ చేతి మీద బరువు మొదలైంది ఆ రోజుల్లోనే.

మొదట బస్సులో తెలిసింది. కిటికీ పక్కన కూర్చుని ఉండగా ఎడమ ముంజేతి మీద ఏదో పెట్టినట్టైంది. ఎక్కువ కాదు. పంతొమ్మిది వందల గ్రాములు. బరువులు తూచి తూచి ఆమె చేయి తూనికకంటే ఖచ్చితంగా చెప్పగలదు. చేయి దులిపింది. పోలేదు. ఇంటికొచ్చి బిగించిన జాకెట్టు చేతిని వదులు చేసుకుంది. పోలేదు. మోచేయి వంచి ఒంటికి ఆనించి పట్టుకుంటే తప్ప ఆ బరువు జారిపోతుందేమోనన్న భయం పుట్టేది. అలా చేయి వంచుకునే భోజనం చేసేది, అలాగే టీవీ ముందు కూర్చునేది.

"చేయి నొప్పా?" అన్నాడు భర్త.

"లేదండీ."

"మరి ఎవరినో ఎత్తుకున్నట్టు పెట్టుకున్నావేం?"

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇంట్లో సబ్బు రంగు గులాబీది. కాగితం చుట్టి చెత్తబుట్టలో పడేసి, తెల్లది తెచ్చింది. తెల్లదాని అడుగున ఏముందోనని రోజూ తిప్పి చూసేది. స్నానాల గదిలో గంటలకొద్దీ నీళ్ళ చప్పుడు వినిపించేది. భర్త తలుపు తట్టి, "ఇదిగో, చాలు, రా" అనేవాడు. జోకులు మానేశాడు.

పక్క వీధిలోనే ఉంటున్న కూతురికి ఆ నెలలోనే కాన్పు అయింది. ఆడపిల్ల. నిండు నెలల బిడ్డ, గట్టి ఏడుపు. కూతురు నవ్వుతూ చాపింది. "తీసుకోమ్మా. వందలమందిని ఎత్తావు, నీ మనవరాల్ని ఎత్తవా?"

"నా చేతులు చల్లగా ఉన్నాయే" అని వెనక్కి జరిగింది. మరుసటి రోజు ఇంకో సాకు. నెల రోజుల తర్వాత కూతురు సాకులు వినడం మానేసింది. ఒకనాడు తలుపు వేసి, "ఏంటమ్మా, దీని మీద నీకేమైనా కోపమా?" అని అడిగి ఏడ్చింది. అయినా చేయి చాపలేదు. ఎడమ చేయి ఖాళీగా లేదని ఎలా చెప్పడం?

మనసులోది మొదట భర్తకు చెప్పింది. సీసాలు, పళ్ళేలు, రింగుల జుట్టు పిల్ల, ఆరో పెట్టె, అన్నీ. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

"నా బస్సు కింద ఒకాయన పడ్డాడు, గుర్తుందా?" అన్నాడు చివరికి. "తప్పు నాది కాదని కేసు కొట్టేశారు. అయినా వాళ్ళింటికి వెళ్ళొచ్చాను. వాళ్ళు నన్ను కూర్చోమనలేదు. కానీ వెళ్ళకపోయి ఉంటే ఆ తర్వాత నేను స్టీరింగు పట్టగలిగేవాణ్ణి కాదే."

మర్నాడు ఆమె కట్ల గదికి వెళ్ళింది. రింగుల జుట్టు పిల్ల ఒక ముసలాయన కాలికి కట్టు కడుతోంది. పూర్తయ్యేదాకా పెద్ద సిస్టర్ తలుపు దగ్గర నిలబడింది.

"ల్యాబు ఆయన చెప్పాడు సిస్టర్" అంది ఆ పిల్ల చేతులకు మందు రుద్దుకుంటూ, ఆమె వైపు చూడకుండా. "నాకప్పుడు ఏమీ తెలియదు. ఆ సబ్బు అంటితే చాలు, చేతులు భగ్గుమనేవి. అందుకే స్పిరిట్ పెట్టుకున్నా. నా తర్వాత డ్యూటీ వాళ్ళని కూడా, బిడ్డను ముట్టుకునే ముందు దాంతో ఒకసారి తుడుచుకోమని బతిమాలేదాన్ని. వాళ్ళూ తుడుచుకునేవాళ్ళు. అంతే తప్ప నా గొప్ప ఏమీ లేదు."

"నన్ను క్షమించమ్మా."

"ఇక్కడ ఎవరూ లేరు కదా సిస్టర్" అంది ఆ పిల్ల. "ఆ రోజు అంతమంది ఉన్నారు. నా వల్లే బిడ్డలు చచ్చిపోయారని ఇప్పటికీ కొందరు నన్ను చూసి తప్పుకుంటారు. మీరు అందరి ముందు అన్నారు. అందరి ముందే చెప్పండి."

పెద్ద సిస్టర్ తలూపింది. ఆ సోమవారం పొద్దున డాక్టర్లు, నర్సులు, ఆయాలు అందరూ ఉన్న సమావేశంలో లేచి నిలబడింది. సీసాలు నింపింది తానని, ఖాళీ చేయకుండా నీళ్ళు కలిపి నింపింది తానని, ఆ గదిలో శుభ్రంగా ఉన్న చేతులు ఒక్క ఆ పిల్లవేనని, ఆ చేతులనే తాను బయటికి గెంటానని చెప్పింది. పెద్ద డాక్టరు గొంతు సవరించుకుని గడియారం చూసుకున్నాడు. రింగుల జుట్టు పిల్ల వెనక వరసలో ఉంది. పైకి తిరిగి రమ్మంటే రానంది. ఆ తర్వాత పెద్ద సిస్టర్ ఎదురైతే ఆ పిల్ల పలకరించేది. అంతవరకే.

కుట్టుపని ఆవిడ దుకాణం బస్సు దారిలోనే ఉంది. ఆరు నెలలుగా పెద్ద సిస్టర్ ఆ మలుపు రాగానే తల అటు తిప్పేసుకునేది. ఒక మధ్యాహ్నం దిగింది.

ఒకే గది. గోడకు కత్తిరించిన గుడ్డలు, నేల మీద దారపు ముక్కలు. ఆవిడ మెషిను మీద వంగి ఉంది. గుర్తుపట్టగానే కాలు ఆపింది.

"సిస్టరమ్మా! కూర్చోండి."

"నిలబడే చెప్తానమ్మా. నీ బిడ్డ గురించి."

ఆమె చెప్పింది. సబ్బు గురించి, సీసాల గురించి. ఆ ఆరు రోజులూ వాణ్ణి ఎత్తింది తన చేతులేనని చెప్పింది. దాచిపెట్టలేదు, సాగదీయలేదు. ఆవిడ వింటూ ఉంది. పెద్ద సిస్టర్ దెబ్బలకైనా సిద్ధపడే వచ్చింది.

"అంటే..." అంది ఆవిడ. "నేను ముట్టుకున్నందుకు కాదా?"

పెద్ద సిస్టర్‌కు మొదట అర్థం కాలేదు.

"ఒక్క వేలే పెట్టానండీ వాడి అరికాలికి. మీరు అరిచారు. ఆ తర్వాతే కదా వాడికి వచ్చింది. నా వేలితో నేనే చంపుకున్నానని..." ఆవిడ కుడిచేతి చూపుడువేలు చాపి చూపించింది. గోరు పక్కన చర్మమంతా కొరికి కొరికి పుండు చేసుకుని ఉంది. "మా ఆయనకి కూడా చెప్పుకోలేదు. ఆరు నెలలు. ఈ వేలితో దారం ఎక్కించేటప్పుడల్లా..."

"కాదమ్మా" అంది పెద్ద సిస్టర్. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది. "కాదు. నీ వేలు కాదు. నీ వేలు వాణ్ణేమీ చెయ్యలేదు."

అప్పుడు ఆవిడ ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవని ఏడుపంతా ఏడ్చింది. దుకాణం ముందు వెళ్తున్నవాళ్ళు ఆగి చూసి వెళ్ళిపోయారు. ఏడుపు తగ్గాక కళ్ళు తుడుచుకుని, "ఆ ఆరు రోజులూ వాడు పాలు బాగా తాగాడా?" అని అడిగింది.

"తాగాడు. కనుబొమలు ముడుచుకుని తాగేవాడు."

"మా నాన్నకీ అదే అలవాటు" అంది ఆవిడ. తర్వాత మెషిను వైపు తిరిగింది. "మీరొచ్చి చెప్పారు, మంచి పని చేశారు. కానీ మళ్ళీ రాకండి సిస్టరమ్మా. మిమ్మల్ని చూస్తూ నేను ఉండలేను."

ఆమె మళ్ళీ వెళ్ళలేదు.

కానీ ఆ బస్సు దారిలోనే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. పోయినవాళ్ళు నలుగురు. మిగతా ముగ్గురు తల్లులు ఇళ్ళలో కూర్చుని ఏ తప్పును పట్టుకుని తమను తాము కొరుక్కుంటున్నారో? ఆమె పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి, ముగ్గురికీ నిజం చెప్పాలంది. ఆయన ససేమిరా అన్నాడు. చెప్పకపోతే తానే వెళ్తానంది. నెల రోజులు పట్టింది. చివరికి ఆయన ఇద్దరు తల్లుల్ని పిలిపించి, తానే కూర్చోబెట్టి చెప్పాడు. ఒకావిడ కేసు పెడతానంది. పెట్టింది కూడా. పెద్ద సిస్టర్ కోర్టుకు వెళ్ళి, అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పి వచ్చింది. ఉద్యోగం పోలేదు గానీ పసిగుడ్ల గది పోయింది. ఆసుపత్రి మొత్తం తిరిగి, ఎక్కడెక్కడ పాతదాని మీద కొత్తది పోస్తున్నారో చూసే పని అప్పగించారు. ఆక్సిజన్ గొట్టాల దగ్గర నీళ్ళ సీసాలు, ఆపరేషన్ గది మందు గిన్నెలు, కళ్ళలో వేసే చుక్కల బుడ్లు. ఆమె ప్రతిదాన్నీ బోర్లించి అడుగు చూసేది. చూడగా చూడగా ఇంకో రెండు చోట్ల అలాంటి జిగట పొరే దొరికింది, ఎవరికీ ఏమీ కాకముందే.

మనవరాలు నడక నేర్చాక, తనంతట తానే వచ్చి అమ్మమ్మ కుడిచెయ్యి పట్టుకుంది. ఆమె విడిపించుకోలేదు.

నాలుగో తల్లి దొరకలేదు. అందరికంటే ముందు పోయిన, రెండో పెట్టెలోని బిడ్డ తల్లి. రిజిస్టరులో ఉన్న చిరునామాకు పెద్ద సిస్టర్ మూడుసార్లు వెళ్ళింది. అద్దె ఇల్లు. బిడ్డ పోయిన రెండు నెలలకే ఖాళీ చేసి వెళ్ళిపోయారని పై వాటాలో ఉన్నావిడ చెప్పింది. ఎక్కడికో తెలియదు.

"ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడేది కాదండీ తర్వాత" అంది పై వాటా ఆవిడ. "పొద్దస్తమానం ఆ కుళాయి దగ్గరే కూర్చునేది. చేతులు చూసుకుంటూ."

పెద్ద సిస్టర్ తన పేరు, ఫోను నంబరు కాగితం మీద రాసి ఆవిడ చేతికిచ్చింది. ఎప్పుడైనా ఎవరైనా ఆ అమ్మాయి జాడ చెబితే ఫోను చేయమంది. రిటైరైన తర్వాత కూడా ఆ నంబరు మార్చలేదు. తెలియని నంబరు నుంచి ఫోను మోగినప్పుడల్లా, ఎక్కడున్నా సరే ఆగి, ఎడమచేయి ఒంటికి ఆనించుకుని, కుడిచేత్తో ఎత్తేది.